ఫొటోలకు డి డ్రైవే దిక్కు!

విండోస్ మొరాయిస్తే చివరికి సి డ్రైవ్‌ని ఫార్మాట్ కొట్టాల్సిందే. మామూలుగా మన డాక్యుమెంట్స్, పిక్చర్స్ ఉండేదీ అందులోనే! ప్రాజెక్టు రిపోర్టు, అక్క పెళ్లి ఫొటోలు దాంతోపాటే పోతాయి. అందుకే ల్యాప్‌టాప్ కొనగానే నేను ఈ ఫోల్డర్లను డి డ్రైవ్‌కి మార్చేస్తా.

ముందు డి డ్రైవ్‌లో ‘పిక్చర్స్’ పేరుతో ఖాళీ ఫోల్డర్ పెట్టండి. ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో పిక్చర్స్‌పై రైట్‌క్లిక్ చేసి ప్రాపర్టీస్, లొకేషన్, మూవ్ నొక్కి, ఆ కొత్త ఫోల్డర్‌ని ఎంచుకోండి. అప్లై కొట్టాక పాత ఫైళ్లనీ తరలించాలా అని అడిగితే ‘ఎస్’ అనండి. డాక్యుమెంట్స్‌కీ ఇంతే. యాప్‌డేటా జోలికి మాత్రం వెళ్లొద్దు.

ఒక్కమాట. ఒకే డిస్కులో ఉంటే సి, డి ఒకే ఇంట్లోని రెండు గదుల్లాంటివి. ఇల్లే కూలితే రెండూ పోతాయి. ముఖ్యమైనవాటి కాపీ బయటి హార్డ్‌డిస్క్‌లోనూ ఉంచుకోండి.