పసిముక్కుకు ఉప్పునీటి చుక్క

నెల నిండని బిడ్డకు ముక్కు పట్టేస్తే ఆ రాత్రి ఇంట్లో ఎవరికీ కంటిమీద కునుకుండదు. రొమ్ము నోటికి అందించగానే బిడ్డ ఆబగా రెండు గుక్కలు తాగుతుంది, వెంటనే వదిలేసి ఏడుస్తుంది. మళ్ళీ పట్టుకుంటుంది, మళ్ళీ వదిలేస్తుంది. పడుకోబెడితే గుర్రుగుర్రుమంటుంది. "కఫం పట్టేసింది, గుండెల్లో గరగరలాడుతోంది" అంటుంది అమ్మమ్మ. "బాలింత చన్నీళ్ళు ముట్టుకుంది, అందుకే" అంటుంది పక్కింటావిడ. తెల్లారేలోగా ఆముదం, వాము మూట, కర్పూరం, విక్స్ డబ్బీ అన్నీ మంచం పక్కకు చేరతాయి. చాలాసార్లు ఆ బిడ్డకు కావాల్సింది వీటిలో ఒక్కటీ కాదు. రెండు చుక్కల ఉప్పునీరు.

అంత చిన్న సంగతికి బిడ్డ అంత గోల ఎందుకు పెడుతుంది?

ముక్కే ఆధారం

ముక్కు మూసుకుపోతే పెద్దవాళ్ళం నోరు తెరుస్తాం. పుట్టిన మొదటి మూడు నాలుగు నెలలు పిల్లలకు అది అంత తేలిగ్గా రాదు. వాళ్ళు దాదాపు పూర్తిగా ముక్కుతోనే ఊపిరి తీసుకుంటారు. అలా ఉండేట్టే వాళ్ళ గొంతు తయారైంది. పెద్దవాళ్ళతో పోలిస్తే పసివాళ్ళ స్వరపేటిక బాగా పైన ఉంటుంది. దాని మూత వెళ్ళి మెత్తటి అంగిలిని తాకుతుంటుంది. నాలుక నోరంతా నిండి ఉంటుంది. దాంతో ముక్కు నుంచి ఊపిరితిత్తులకు ఒక దారి, నోటి నుంచి పొట్టకు మరో దారి దాదాపు విడివిడిగా ఏర్పడతాయి. గుటక వేసే క్షణం తప్ప, పాలు తాగుతున్నంతసేపూ బిడ్డ హాయిగా శ్వాసిస్తూనే ఉండొచ్చు. ముక్కు దిబ్బడ పడితే ఈ ఏర్పాటంతా చెడుతుంది. ఊపిరి కావాలంటే పాలు వదలాలి, పాలు కావాలంటే ఊపిరి బిగబట్టాలి. తాగుతూ వదిలేసి ఏడవడం అందుకే.

దీన్ని అతి స్పష్టంగా చూపించే పుట్టుక లోపం ఒకటుంది. సుమారు 7 వేల మందిలో ఒకరికి ముక్కు వెనక ద్వారం మూసుకుపోయి ఉంటుంది. రెండు వైపులా అలా ఉన్న బిడ్డ ఊరుకున్నప్పుడు నీలంగా మారుతుంది, ఏడిస్తే మళ్ళీ ఎర్రబడుతుంది. ఏడ్చినప్పుడే కదా నోరు తెరుచుకునేది! ఇలాంటి బిడ్డకు శస్త్రచికిత్స అవసరమవుతుంది, ఏ చుక్కలూ పనిచేయవు.

మామూలు జలుబులో ఇబ్బంది మరో లెక్క ప్రకారం పెరుగుతుంది. గొట్టం వ్యాసం సగానికి తగ్గితే అందులో గాలి ప్రవాహానికి అడ్డు రెట్టింపు కాదు, 16 రెట్లవుతుంది. పెద్దవాళ్ళ ముక్కులో చిన్న పొర చీమిడి ఉన్నా తెలియదు. పసివాళ్ళ ముక్కులో అదే పొర సగం దారిని మింగేస్తుంది. కాబట్టి ఆ కాస్త పక్కు కదిలించినా కలిగే ఉపశమనం కూడా అంతే ఎక్కువ.

ఇక గుండెల్లో గరగర మాట. బిడ్డ వీపు మీద చెయ్యి పెడితే అదురు తెలిసే మాట నిజమే. చాలాసార్లు అది ముక్కులోనో గొంతులోనో కదులుతున్న చీమిడి శబ్దమే, సన్నటి ఛాతీ గోడలోంచి చేతికి తగులుతుంది. ముక్కు శుభ్రం చేశాక ఆ గరగర తగ్గిపోతే అది ఊపిరితిత్తులది కాదన్నమాట. అప్పుడప్పుడు వచ్చే తుమ్ములు కూడా జలుబు కాదు. ముక్కు చీదడం రాని బిడ్డ ముక్కు శుభ్రం చేసుకునే పద్ధతి తుమ్మే.

0.9 కిటుకు

ఆసుపత్రిలో చేతికి ఎక్కించే సెలైన్ సీసా అందరికీ తెలుసు. అర లీటరు సీసాలో 4.5 గ్రాముల ఉప్పు ఉంటుంది, అంటే 0.9 శాతం. మన రక్తంలో, కణాల్లో ఉండే లవణాల గాఢతకు ఇది దగ్గరగా ఉంటుంది. ఎర్ర రక్తకణాలు ఏ ఉప్పునీటిలో ఉబ్బకుండా, ముడుచుకోకుండా ఉంటాయో పరీక్షించి ఈ లెక్క తేల్చినవాడిగా నెదర్లాండ్స్ శాస్త్రవేత్త హార్టోగ్ హాంబర్గర్ పేరు చెబుతారు. అది 19వ శతాబ్దం చివరి మాట.

ఈత కొడుతూ ముక్కులోకి నీళ్ళు పోయినవాళ్ళకు ఆ మంట గుర్తుంటుంది. ఉప్పులేని నీరు ముక్కు లోపలి పొర కణాల్లోకి చొరబడి వాటిని ఉబ్బిస్తుంది. ఉప్పు మరీ ఎక్కువైతే కణాల్లోని నీటిని బయటికి లాగి మంట పెడుతుంది. సెలైన్ ఆ రెండూ చేయదు. అందుకే పసికందు కూడా ఓర్చుకుంటుంది. దుకాణాల్లో దొరికే చుక్కల్లో కొన్ని 0.9 శాతం, కొన్ని 0.65 శాతం ఉంటాయి. రెండూ వాడదగినవే.

చీమిడిలో అత్యధిక భాగం నీరే. ఏసీ గదిలోనో, చలికాలపు పొడిగాలిలోనో ఆ నీరు ఆరిపోయి, మిగిలింది జిగురై, ఆపైన పక్కు కడుతుంది. ముక్కు లోపలి పొర మీద కంటికి కనిపించని సన్నటి నూగు ఉంటుంది. అది చీమిడిని ఎప్పటికప్పుడు గొంతువైపు నెడుతూ ఉంటుంది, తడి ఉంటేనే దానికి కదలిక. సెలైన్ చుక్క పడగానే గిన్నె అంచున ఎండిన గంజి నీళ్ళు తగిలి ఊడివచ్చినట్టు పక్కు మెత్తబడి కదులుతుంది. కొంత తుమ్ముతో బయటికొస్తుంది, కొంత బిడ్డ మింగేస్తుంది. మింగినా ఏ నష్టమూ లేదు.

సెలైన్‌తో జలుబు వ్యవధి కూడా తగ్గుతుందా అని స్కాట్లాండ్‌లో ఎడిన్‌బరో పరిశోధకులు ఆరేళ్ళలోపు పిల్లలు 407 మందిని తీసుకుని పరిశీలించారు. కాస్త గాఢమైన, 2.6 శాతం ఉప్పునీటి చుక్కలు వేసిన పిల్లలకు జలుబు సగటున 6 రోజుల్లో, మిగతావారికి 8 రోజుల్లో తగ్గిందని 2024లో ప్రకటించారు. ఆశ కలిగించే ఫలితమే. అలాగని ఇంట్లో ఉప్పు పెంచి నెలల పిల్లల మీద ప్రయోగాలు చేయకూడదు.

వేసే పద్ధతి

పాలు పట్టడానికి పది పదిహేను నిమిషాల ముందు వేయడం మంచిది. పాలు తాగిన వెంటనే వేస్తే కక్కుకునే అవకాశం ఉంది. సీసాను కాసేపు గుప్పిట్లో పట్టుకుంటే చల్లదనం పోతుంది. బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టి, భుజాల కింద మడతపెట్టిన తువ్వాలు పెడితే తల కొద్దిగా వెనక్కి వాలుతుంది. చేతులు ఆడించకుండా ఒకరు పట్టుకోవాలి. సీసా మూతి ముక్కుకు తగలకుండా, ఒక్కో రంధ్రంలో ఒకటి రెండు చుక్కలు వదలాలి. బిడ్డ ఉలిక్కిపడుతుంది, మొహం చిట్లిస్తుంది, ఏడుస్తుంది. కంగారు పడొద్దు. ఒక నిమిషం ఆగి ఎత్తుకోండి. బయటికి వచ్చినదాన్ని మెత్తటి నూలుగుడ్డతో తుడవండి. చాలాసార్లు పని ఇక్కడితో అయిపోతుంది.

అప్పటికీ దిబ్బడ తగ్గకపోతే రబ్బరు బుడ్డితో లాగొచ్చు. బుడ్డిని బయటే నొక్కి గాలి తీసేసి, మొనను ముక్కు అంచున పెట్టి, మెల్లగా వదలాలి. ముక్కులో పెట్టాక నొక్కితే చీమిడి ఇంకా లోపలికి పోతుంది. రోజుకు మూడు నాలుగుసార్లు మించి లాగొద్దు. పొర ఒరుసుకుపోయి వాచి, దిబ్బడ ఎక్కువవుతుంది. వాడిన ప్రతిసారీ బుడ్డిని సబ్బునీళ్ళతో కడిగి ఆరబెట్టాలి. దూది పుల్లలు మాత్రం ముక్కులోకి పోనివ్వొద్దు. బిడ్డ హాయిగా పాలు తాగుతూ నిద్రపోతుంటే, ముక్కు కాస్త శబ్దం చేసినా దాని జోలికి పోనక్కర్లేదు.

సీసా ఒక బిడ్డకు ఒకటే. తెరిచాక ఎన్నాళ్ళు వాడొచ్చో లేబుల్ మీద ఉంటుంది, గడువు దాటితే పారేయాలి. ఉప్పునీరే కదా అని ఇంట్లో కుళాయి నీళ్ళతో కలపొద్దు. చెంచా కొలత తప్పితే గాఢత మారుతుంది, నీటిలో సూక్ష్మజీవులుంటే ప్రమాదం. 2011లో అమెరికాలోని లూసియానాలో కుళాయి నీళ్ళతో ముక్కు కడుక్కున్న ఇద్దరు పెద్దవాళ్ళు మెదడుకు సోకే అమీబా వల్ల చనిపోయారు.

షాపులో జాగ్రత్త

మెడికల్ షాపుకెళ్ళి "చంటిపిల్లకు ముక్కులో చుక్కలు ఇవ్వండి" అంటే అక్కడే పొరపాటు జరగొచ్చు. పక్కపక్కనే, దాదాపు ఒకేలా కనిపించే సీసాల్లో ఒకదానిలో ఉప్పునీరుంటే మరోదానిలో ఆక్సీమెటాజోలిన్ లేదా జైలోమెటాజోలిన్ ఉంటుంది. ఇవి రక్తనాళాలను కుంచింపజేసే మందులు. నిమిషాల్లో ముక్కు తెరుచుకుంటుంది కానీ, రోజుల తరబడి వాడితే దిబ్బడ తిరగబెడుతుంది. చిన్నపిల్లల్లో మోతాదు మించితే గుండె వేగం పడిపోతుంది, మగత కమ్ముతుంది, ఊపిరి మందగిస్తుంది. ఈ రకం చుక్కలు ఒకటి రెండు మిల్లీలీటర్లు మింగినా పసిపిల్లలకు ప్రమాదమని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2012లో హెచ్చరించింది. డాక్టరు రాస్తే తప్ప వీటిని ముట్టుకోవద్దు.

జలుబు సిరప్‌లదీ అదే దారి. క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ కలిపిన మందును నాలుగేళ్ళలోపు పిల్లలకు వాడొద్దని మన దేశ ఔషధ నియంత్రణ విభాగం 2023 డిసెంబరులో ఆదేశించింది. మధ్యప్రదేశ్‌లో కల్తీ దగ్గు మందు పిల్లల ప్రాణాలు తీసిన తర్వాత, రెండేళ్ళలోపు వారికి దగ్గు, జలుబు మందులు రాయనూ వద్దు, ఇవ్వనూ వద్దని కేంద్రం 2025 అక్టోబరులో సూచించింది.

ఇంటి వైద్యంలో నాలుగు మాటలు

ఒళ్ళంతా నూనె రాసి కాళ్ళమీద వేసుకుని పోసే స్నానాన్ని ఎవరూ కాదనరు. ఆ నూనె చుక్క ముక్కులో వేయడమే వద్దు. అది ఊపిరితిత్తుల్లోకి జారితే ఒకరకం న్యుమోనియా వస్తుంది. కర్పూరం పసిపిల్లలకు విషం, ఫిట్స్ తెప్పించగలదు. కర్పూరం ఉన్న విక్స్ లాంటి లేపనాలు రెండేళ్ళలోపు వారికి వాడొద్దని వాటి లేబుళ్ళే చెబుతాయి. సాంబ్రాణి పొగ తల ఆరబెట్టినా, వాచిన ముక్కును ఇంకా రేపుతుంది. వేడినీళ్ళ ఆవిరి పట్టడంలో ఒళ్ళు కాలే ప్రమాదముంది. ముక్కులో నోటితో ఊదితే పెద్దల జలుబు బిడ్డకు అంటుతుంది.

కూతురి పురుడు పోయడానికి అమెరికా వెళ్ళిన అమ్మమ్మలకు ఇంకో సమస్య ఎదురవుతుంది. చలికాలంలో హీటర్ నడిచే ఇంట్లో గాలి ఎండిపోయి, జలుబు లేకుండానే బిడ్డ ముక్కు పక్కులు కడుతుంది. సెలైన్‌తో పాటు గదిలో చల్లటి తేమనిచ్చే హ్యూమిడిఫయర్ అక్కడ పనికొస్తుంది, రోజూ కడిగి నీళ్ళు మారుస్తుంటేనే.

సెలైన్ ఎక్కడ ఆగుతుంది

ముక్కు శుభ్రం చేశాక కూడా బిడ్డ డొక్కలు ఎగరేస్తుంటే, ప్రతి శ్వాసకూ మూలుగుతుంటే, ముక్కుపుటాలు విప్పారుతుంటే, పెదాలు నీలంగా మారితే, పాలు సగం కూడా తాగకపోతే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. బిడ్డ ఏడవకుండా ఉన్నప్పుడు పొట్ట కదలిక చూస్తూ ఒక నిమిషం పాటు శ్వాసలు లెక్కపెట్టండి. రెండు నెలలలోపు బిడ్డకు 60, ఏడాదిలోపు బిడ్డకు 50, ఐదేళ్ళలోపు పిల్లలకు 40, లేదా అంతకంటే ఎక్కువ ఉంటే ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో అది వేగంగా ఊపిరి తీయడమే. మూడు నెలలలోపు బిడ్డకు జ్వరం 38 డిగ్రీల సెల్సియస్ చేరితే మిగతా లక్షణాలేవీ లేకపోయినా డాక్టరుకు చూపించాలి. ఒక్క ముక్కురంధ్రం నుంచే దుర్వాసనతో స్రావం కారుతుంటే, పాకే వయసు పిల్లలైతే, ఏ శనగగింజో ఇరుక్కుందేమో చూపించాలి.

ఈసారి షాపులో సీసా చేతికిచ్చినప్పుడు డబ్బులు తీసేముందు లేబుల్ తిప్పి చదవండి. సోడియం క్లోరైడ్, నీరు ప్రధానంగా ఉండి, కొద్దిగా నిల్వ పదార్థం తప్ప వేరే మందు పేరేదీ లేకపోతేనే ఇంటికి తెచ్చుకోండి.