కావడి మోసిన యుద్ధములు

కావడి యెరుగనివారు మనలో అరుదు. వెదురు బద్దకు ఇరుకొనల ఉట్లు గట్టి, వానిలో కుండలో బుట్టలో ఉంచి, భుజముపై నిలిపి నడచు మనిషి మన పల్లె బాటలపై చిరకాలము కానవచ్చినవాడే. బద్ద కొద్దిగా వంగి లేచుచుండును. మోయువాడు ఆ ఊపును పట్టుకొని అడుగు వేయుచుండును. ఇట్టి కావడియే వియత్నాము దేశమునను కలదు. అచ్చటి స్త్రీలు కూరగాయలు, బియ్యము, ఇటుకలు దానిపైననే మోసికొని పోవుదురు.

ఇప్పుడు మేము చెప్పదలచినది యుద్ధములను గూర్చి. అయినను కావడితో మొదలుపెట్టుటకు కారణము కలదు. 1946 మొదలు 1989 వరకు వియత్నాము ప్రజలు ఒకదాని వెంట నొకటిగా యుద్ధములలో మునిగియుండిరి. 1954 వరకు ఫ్రెంచివారితో పోరు. పిమ్మట దేశము రెండుగా చీలి, 1975 వరకు తమలో తమకును, అమెరికాతోను పోరు. 1978 చివర కంబోడియాలో, 1979లో చైనాతో మరల పోరు. ఆ కాలమున హనోయి, సైగాను, దియెన్ బియెన్ ఫూ అను పేర్లు రేడియో వార్తలతోపాటు మన యిండ్లలోనికి వచ్చెడివి. ఏ కొండ పట్టువడినదో, ఏ నగరముపై బాంబులు పడినవో వినుచుంటిమి. ఆ సేనలకు అన్నము ఎవరు తెచ్చిరి, గుండ్లు ఎవరు మోసిరి అను ప్రశ్న మాత్రము మరుగున పడెను. దానికి సమాధానము వెదకినచో ఆ యుద్ధముల గతి కొంతవరకు మనకు బోధపడును.

మొదట చిన్న లెక్క యొకటి వేసి చూతము. ఒక మనిషి 20 కిలోల బియ్యము మోయుననుకొందము. బరువు మోయువానికి దినమునకు ఒక కిలో బియ్యమైన కావలెను. సైన్యము పది దినముల నడక దూరమున నున్నది. పోవుటకు పది కిలోలు, తిరిగి వచ్చుటకు పది కిలోలు అతడే తినవలెను. సైన్యమునకు మిగులునది సున్న. ఐదు దినముల దూరమైనచో సగము మిగులును. దారి పొడుగయిన కొలది, మోసినదంతయు మోసినవారి ఆకలికే సరిపోవును. వియత్నాములో యుద్ధము చేసిన ప్రతి సేనాధిపతియు, తన పక్షమునకో ఎదుటి పక్షమునకో, ఈ లెక్క వేసికొనక తప్పలేదు.

1946 డిసెంబరు 19వ తేదీన హనోయి నగరమున పోరు చెలరేగినది. హో చి మిన్ నాయకత్వమున వియత్ మిన్ సేనలు నగరమును విడిచి ఉత్తరపు కొండలకు తరలిపోయెను. నాలుగేండ్లపాటు వారికి బయటి సాయము లేదనవచ్చును. 1949లో చైనాలో కమ్యూనిస్టులు అధికారమునకు వచ్చుటతో స్థితి మారినది. 1950 సెప్టెంబరు, అక్టోబరు నెలలలో సరిహద్దు వెంబడి నున్న 4వ నంబరు రహదారిపై ఫ్రెంచి దండులను ఓడించి, వియత్ మిన్ వారు చైనా దారి తెరచుకొనిరి. ఆయుధములు రాసాగినవి. ఆ ఉత్సాహముతో 1951 జనవరిలో సేనాపతి వో గుయెన్ గియాప్ ఎర్రనది మైదానములో, విన్ యెన్ వద్ద ఫ్రెంచివారిపై దాడి చేసెను. అది ఘోరముగా విఫలమయ్యెను. మైదానమున రహదారులు, విమానాశ్రయములు ఫ్రెంచివారివి. విమానములు కురిపించిన నాపాం మంటలలో వేలమంది కూలిరి. శత్రువునకు సరఫరా సులభమైనచోట అతనితో తలపడరాదని గియాప్ గ్రహించెను.

1953 నవంబరు 20వ తేదీన ఫ్రెంచి పారాచూటు సైనికులు దియెన్ బియెన్ ఫూ లోయలో దిగిరి. అది లావోసు సరిహద్దు చెంత, హనోయికి ఆకాశమార్గమున సుమారు 300 కిలోమీటర్ల దూరమున నున్న లోయ. చుట్టును కొండలు, నడుమ చిన్న విమానాశ్రయము. ఫ్రెంచి సేనాధిపతి నవార్ ఆలోచన యిది: తమకు కావలసినదంతయు విమానములలో వచ్చును, శత్రువునకు కావలసినది అడవి దారులవెంట, మనుషుల భుజములపై రావలెను. బరువైన ఫిరంగులు ఆ కొండలపైకి రాజాలవు. వచ్చినను, వానికి చాలినన్ని గుండ్లు రాజాలవు. కోటలోని ఫిరంగి దళాధికారి పిరోత్ కూడ ఇట్లే నమ్మియుండెను. మనము పైన వేసిన లెక్కను బట్టి చూచినచో ఈ నమ్మకము అవివేకమని చెప్పలేము.

అయితే వియత్ మిన్ వారు ఆ లెక్కలోని అంకెలనే మార్చివేసిరి. దూరప్రయాణమును చైనానుండి వచ్చిన లారీలకు అప్పగించి, వాని కొరకు కొండదారులను వెడల్పు చేసిరి. వీలైనంత బియ్యము యుద్ధస్థలమునకు సమీపమున నున్న కొండజాతుల పల్లెలలోనే సేకరించిరి. దారిని అంచెలుగా విభజించి మనుషులను నియమించిరి. అన్నిటికంటె చిత్రమైనది సైకిలు. సైకిలును తొక్కలేదు, తోసిరి. చట్రమునకు వెదురు, ఇనుప ముక్కలు చేర్చి గట్టిపరచి, ఇరువైపుల బస్తాలు కట్టిరి. చేతిపట్టునకు ఒక పొడుగాటి కర్రను అమర్చి దానితో దారి మళ్ళించెడివారు. ఆసనము వెనుక నిలిపిన మరియొక కర్రను పట్టుకొని తోయుచు, దిగుడు దారిలో వెనుకకు లాగి ఆపెడివారు. భుజముపై 20 కిలోలు మోయు మనిషి ఇట్లు 200 కిలోలకు పైగా తీసికొనిపోగలిగెను. తాను తినునది ఆ ఒక్క కిలోయే. లెక్క ఎట్లు తలక్రిందులైనదో చూడుడు.

వియత్నాము లెక్కల ప్రకారము ఈ పనిలో పాల్గొన్నవారు సుమారు 2,60,000 మంది. సైకిళ్ళు సుమారు 20,000. ఫిరంగులను కడపటి మజిలీలో మోకులు గట్టి మనుషులే కొండలపైకి లాగిరి. 1954 జనవరి చివర దాడి ప్రారంభించుటకు సర్వము సిద్ధమైయుండగా, గియాప్ దానిని నిలిపివేసెను. ఏర్పాట్లు చాలవని ఆయన నిర్ణయము. ఎంతో శ్రమతో లాగి తెచ్చిన ఫిరంగులను మరల వెనుకకు లాగవలసి వచ్చెను. తన జీవితమున అత్యంత కఠినమైన నిర్ణయము అదియేనని ఆయన తరువాత వ్రాసికొనెను. ఫిరంగులకు కొండలలో గుహలు త్రవ్వి, మార్చి 13వ తేదీన దాడి ప్రారంభించిరి. రెండు దినములకే పిరోత్ ఆత్మహత్య చేసికొనెను. ఆ నెల ముగియక మునుపే విమానములు దిగు బాట నిరుపయోగమయ్యెను. అటుపైని పారాచూట్లతో జారవిడిచిన సరుకులే కోటకు దిక్కు. వానిలో అనేకము శత్రువుల చేతులలో పడెడివి. మే 7వ తేదీన కోట లొంగిపోయెను. పదివేలకు పైగా బందీలైరి. వారిలో అనేకులు చెరలోనే మరణించిరి.

ఇంతమంది ఏల మోసిరి? దేశాభిమానము ఒక కారణము. భూమి మరియొక కారణము: 1953 డిసెంబరులో భూసంస్కరణ శాసనము చేసి, దున్నువానికి భూమి వచ్చునను ఆశ కల్పించిరి. వంతు ప్రకారము పనికి పోవలెనను నిర్బంధమును ఉండెను. ఆ సంస్కరణయే తరువాత అనేక గ్రామములలో అన్యాయములకు, మరణశిక్షలకు దారితీయగా, 1956లో ప్రభుత్వమే తప్పులు ఒప్పుకొనెను. బరువు మోసినవారి కథ చెప్పునప్పుడు దీనిని దాచిపెట్టరాదు.

1954 జూలైలో జెనీవా ఒప్పందము 17వ అక్షాంశ రేఖ వద్ద దేశమును తాత్కాలికముగా విభజించినది. ఒప్పందపు అమలును పర్యవేక్షించు అంతర్జాతీయ సంఘమునకు మన భారతదేశమే అధ్యక్షస్థానము వహించెను. కెనడా, పోలెండు తక్కిన సభ్యులు. 1956లో జరుగవలసిన ఎన్నికలు జరుగలేదు. తాత్కాలికమన్న గీత సరిహద్దయ్యెను.

ఆ గీతను దాటి దక్షిణమునకు సరఫరా చేయుటకై 1959 మే నెలలో ఉత్తర వియత్నాము ప్రభుత్వము ఒక దళమును ఏర్పరచెను. అయిదవ నెల, 59వ సంవత్సరము కావున దానికి 559 అని పేరు. ప్రారంభమున కొద్దిమంది వీపులపై తుపాకులు మోయుచు, త్రువోంగ్ సోన్ పర్వతములను దాటి, లావోసు అడవుల మీదుగా పోయెడివారు. ప్రయాణమునకు నెలలు పట్టెడిది. మలేరియా అనేకులను బలిగొన్నది. పదునైదేండ్లలో ఆ కాలిబాట లారీలు తిరుగు బాటల వలగా పెరిగి, 16,000 కిలోమీటర్లకు పైబడినదని చెప్పుదురు. ప్రపంచము దానిని హో చి మిన్ బాట యని పిలిచినది. ప్రతి లారీ తన అంచె వరకే పోయి, సరుకు దింపి, తెల్లవారకముందే తిరిగి వచ్చెడిది. ఆ కొద్దిపాటి దారి కంఠస్థమగుటచే, డ్రైవరు చీకటిలో, దీపము దాచిపెట్టి నడుపగలిగెడివాడు. పైనుండి చూచువారికి కానరాకుండ నీటిమట్టమునకు కొంచెము దిగువగా వంతెనలు కట్టిరి. 1968 నుండి పెట్రోలుకై గొట్టములు గూడ వేయసాగిరి.

ఈ బాటను తెంచుటకు అమెరికా చేయని ప్రయత్నము లేదు. రాత్రింబగళ్ళు బాంబులు కురిపించిరి. లారీల చప్పుడును, నేల అదురును కనిపెట్టు యంత్రములను మొక్కల రూపున చేసి అడవిలో జారవిడిచిరి. దారులు బురదయగుటకై మేఘములపై రసాయనములు చల్లి వర్షములు పొడిగింపజూచిరి. ఆకులు రాలుటకై 1962 నుండి 1971 వరకు దక్షిణ వియత్నాముపై 7 కోట్ల లీటర్లకు పైగా విషద్రవము చల్లిరి. 1971లో దక్షిణ వియత్నాము సేనలు లావోసులో ప్రవేశించి బాటను నరుకజూచి, నెలన్నరలో గొప్ప నష్టముతో వెనుదిరిగెను. బాంబు పడిన గుంటను రాత్రికి రాత్రి పూడ్చువారుండినంతకాలము బాట తెగలేదు. పూడ్చినవారిలో యువతులు వేలకొలది. 1968 జూలై 24వ తేదీన డోంగ్ లోక్ కూడలివద్ద బాంబు పడి, అట్టి పనిలో నున్న పదిమంది యువతులు ఒక్కసారిగా మరణించిరి. వారిలో పెద్దదానికి ఇరువది నాలుగేండ్లు.

కావడి ప్రతిచోట గెలిచెనని మేము చెప్పుట లేదు. 1968 జనవరిలో ఖేసాన్ వద్ద అమెరికా దళములను చుట్టుముట్టినప్పుడు, అది రెండవ దియెన్ బియెన్ ఫూ అగునని లోకమెల్ల అనుకొన్నది, కాలేదు. అమెరికా విమానబలము ఫ్రెంచివారి దానికంటె ఎన్నో రెట్లు అధికము, సరఫరా ఆగలేదు. ఆ నెలాఖరున టెట్ పండుగనాడు నూరుకు పైగా పట్టణములపై చేసిన దాడియు సైనికముగా విఫలమయ్యెను. కాని దానిని చూచి అమెరికా ప్రజల విశ్వాసము సడలెను. 1973 జనవరిలో పారిస్ ఒప్పందము, 1975 ఏప్రిల్ 30న సైగాను పతనము జరిగినవి. ఆ కడపటి దాడికి సేనలు కావడులపై గాక, ఆ బాటవెంట లారీలలోను టాంకులలోను వచ్చెను.

కథ ఇచ్చటితో ముగిసినచో సులభముగా నుండెడిది. కంబోడియాలోని ఖ్మేర్ రూజ్ సేనలు సరిహద్దు పల్లెలపై దాడులు చేయగా, 1978 డిసెంబరు చివర వియత్నాము ఆ దేశమున ప్రవేశించి, జనవరి 7న రాజధానిని పట్టుకొని, స్వదేశీయులనే లక్షలకొలది చంపిన ప్రభుత్వమును కూలద్రోసెను. తరువాతి నెలలో చైనా సేనలు ఉత్తర సరిహద్దును దాటి వచ్చెను. 1950లో ఏ ప్రాంతమున సాయము వచ్చు దారి తెరచుకొనిరో, ఆ ప్రాంతముననే ఇప్పుడు దండయాత్ర! చైనావారు నెలరోజులలో మరలిరి. కంబోడియాలో మాత్రము వియత్నాము సేన పదేండ్లు నిలిచిపోయెను. ఇప్పుడు పొడుగాటి సరఫరా దారులు వియత్నామువి. థాయిలాండు సరిహద్దు అడవులలో దాగిన గెరిల్లాలు ఎదుటి పక్షమువారు. గెరిల్లాల దారులు మూయుటకై సరిహద్దు వెంబడి అడవులు నరికించి, మందుపాతరలు పెట్టించిరి. ఆ పనికి కంబోడియా గ్రామస్థులను బలవంతముగా తరలించిరి. మలేరియాతో, మందుపాతరలతో అనేకులు మరణించిరి. 1989 సెప్టెంబరులో వియత్నాము తన సేనలను వెనుకకు పిలుచుకొన్నది. ఒకప్పుడు తమ దేశము కొరకు బరువు మోసినవారి సేనయే పరులచేత మోయింపవలసి వచ్చినప్పుడు, సైకిలు లెక్క ఉపకరింపలేదు.

దియెన్ బియెన్ ఫూలో వాడిన సైకిళ్ళు నేడు ప్రదర్శనశాలలలో నున్నవి. యుద్ధపు బరువు మాత్రము ఇంకను దిగలేదు. 1964 నుండి 1973 వరకు లావోసుపై 20 లక్షల టన్నులకు పైగా బాంబులు పడినవి. వానిలో గుత్తులుగా విడిపోవు చిన్న బాంబులే 27 కోట్లనియు, అందు 8 కోట్ల వరకు పేలక మిగిలిపోయినవనియు అంచనా. బంతియనుకొని పిల్లలు పట్టుకొందురు. దున్నుచున్న రైతు నాగలికి తగులును. వియత్నాములోని క్వాంగ్ త్రి సీమలోను ఇదే స్థితి. యుద్ధము ముగిసి ఏబదియేండ్లు దాటినను, అచ్చట దళములు గట్టి, నేలను అంగుళమంగుళము వెదకి వానిని తీయుచున్నారు. ఆ దళములలో స్త్రీలును కలరు. పొలమునకు అవతలి గట్టున, పని ముగియునంతవరకు ఆ యూరి రైతులు విత్తనముల బుట్టలతో కాచుకొనియుందురు.