రేవులో నాచు, సారపాకలో కాగితం

భద్రాచలం వైపు వెళ్ళేవాళ్ళకు దారి పొడవునా జామాయిల్ తోటలు, సుబాబుల్ తోటలు కనిపిస్తాయి. ఆ కర్రలో చాలా భాగం సారపాక మిల్లుకు చేరి కాగితమవుతుంది. ఆ కాగితానికీ, మన వాగుల్లో పచ్చటి దారాల్లా తేలే నాచుకూ దగ్గరి చుట్టరికం ఉంది. రెండింటి గట్టిదనానికీ ఆధారం సెల్యులోజే. గ్లూకోజ్ అణువులు వేల సంఖ్యలో వరసగా ముడిపడి పోగులై, ఆ పోగులు కట్టలు కట్టి కణం చుట్టూ గోడ అవుతాయి. 1838లో ఫ్రెంచి శాస్త్రవేత్త ఆన్సెల్మ్ పాయెన్ దీన్ని మొదటిసారి వేరుచేసి చూపాడు.

అయితే నాచులన్నీ ఒకే గోడ కట్టుకోవు. వానలు వెలిశాక కుంటల్లో తేలే స్పైరోగైరాను గుప్పిట పట్టి చూడండి, జారిపోతుంది. లోపల సెల్యులోజ్, దాని మీద పెక్టిన్ జిగట. రాళ్ళను పట్టుకుని పెరిగే క్లాడోఫోరా మాత్రం చేతికి గరుగ్గా తగులుతుంది. దానికా జిగట పొర లేదు. అందుకే దాని ఒళ్ళంతా డయాటమ్‌లనే సూక్ష్మమైన నాచులు కాపురముంటాయి. ఈ డయాటమ్‌ల గోడ సిలికాతో తయారైనది, డబ్బాకు మూత పెట్టినట్టు రెండు ముక్కలుగా ఉంటుంది. చెరువు అడుగున పెరిగే కారా తన గోడ మీద సున్నం పేర్చుకుంటుంది, ఎండితే పొడిపొడిగా రాలుతుంది. ఇక తడి నేల మీద పాకుడు కట్టే నీలి ఆకుపచ్చ నాచు అసలు బ్యాక్టీరియా జాతిది, దాని గోడలో ముఖ్యమైనది పెప్టిడోగ్లైకాన్.

సముద్రపు నాచుల గోడలు మీ వంటింట్లోనే ఉన్నాయి. చైనా గ్రాస్ అని కొనే అగార్, కొన్ని బాదం పాల డబ్బాల మీద కనిపించే కారజీనన్ ఎర్ర నాచులవి. ఆల్జినేట్ గోధుమ నాచులది.

నాకు అన్నిటికంటే అబ్బురమనిపించేది స్పైరోగైరా సంగతి. దాని కణపొరలో సెల్యులోజ్ పోగులను అల్లే యంత్రాంగం ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో ఆరు రేకుల పువ్వులా కనిపిస్తుంది. టేకులోనూ, ఇప్పలోనూ, వరిలోనూ అదే పువ్వు. క్లాడోఫోరాలో అది బారులు తీరి ఉంటుంది. జన్యువుల లెక్క కూడా అదే చెబుతోంది: నేల మొక్కలన్నిటికీ అతి దగ్గరి బంధువులు స్పైరోగైరా వర్గపు నాచులే. ఆ పూర్వపు వంశం నీళ్ళు వదిలి నేలకెక్కి దాదాపు 47 కోట్ల ఏళ్ళు.

నీటిలో ఉన్నంతకాలం ఒంటిని నీరే మోస్తుంది. నేల మీద నిటారుగా నిలబడి, కొమ్మ చివరిదాకా నీరు తోడుకోవాలంటే గోడకు ఇంకా దన్ను కావాలి. ఆ దన్ను లిగ్నిన్. జామాయిల్ కర్రలో నాలుగో వంతు వరకూ అదే. కాగితానికి అది పనికిరాదు, ఉంటే పసుపెక్కుతుంది. అందుకే కర్ర ముక్కలను కాస్టిక్ సోడా, సోడియం సల్ఫైడ్‌లతో 160 డిగ్రీలు దాటిన వేడిలో ఉడికించి లిగ్నిన్‌ను కరిగిస్తారు. కర్ర గుజ్జుగా మిగిలేది చాలామటుకు నాచు నాటి సెల్యులోజే. లిగ్నిన్ కరిగిన నల్లటి ద్రావకాన్ని చిక్కబరిచి బాయిలర్‌లో మండిస్తే మిల్లుకు ఆవిరి, కరెంటు వస్తాయి.