అబద్ధానికి రెండింతలు

ఉద్యోగులు రిటర్న్ వేయడానికి మామూలు గడువు జులై 31. అది దాటితే ఆలస్య రుసుము 5 వేల రూపాయలు. మొత్తం ఆదాయం 5 లక్షల్లోపు ఉంటే వెయ్యితో సరి. కట్టాల్సిన పన్ను మిగిలుంటే దానిపై నెలకు ఒక శాతం వడ్డీ పడుతుంది. షేర్లలో వచ్చిన నష్టాన్ని వచ్చే ఏళ్ల లాభాల్లో సర్దుకునే వీలూ పోతుంది. కొందరికి ఆ 5 వేలకన్నా ఇదే పెద్ద దెబ్బ. ఏదేమైనా, ఆలస్యంగానైనా రిటర్న్ వేసే బద్ధకస్తుడి మీద ఆదాయపు పన్ను చట్టానికి అంతకుమించి కోపం లేదు. దాని కోపమంతా అబద్ధమాడినవాడి మీదే.

ఆదాయాన్ని తక్కువ చూపితే, ఎగ్గొట్టిన పన్నులో సగం జరిమానా. లేని ఖర్చులు, దొంగ రసీదులు చూపితే ఆ పన్నుకు రెండింతలు.

ఈ రెండో ఉచ్చులో నెలజీతగాళ్లూ చిక్కుతున్నారు. ‘మీ రీఫండ్ మేం తెప్పిస్తాం, అందులో మా వాటా ఇస్తే చాలు’ అంటూ ఏజెంట్లు వస్తారు. పేరైనా వినని పార్టీకి విరాళం ఇచ్చినట్టు, సొంతింట్లో ఉంటూ అద్దె కట్టినట్టు రాసేస్తారు. లెక్క చూడండి. పాత విధానంలో 30 శాతం శ్లాబులో ఉన్న ఉద్యోగి ఇవ్వని విరాళం లక్షన్నర చూపాడు. సెస్సుతో కలిపి అలా మిగుల్చుకున్న పన్ను 46,800. దొరికితే ఆ పన్ను తిరిగి కట్టాలి, పైగా 93,600 జరిమానా. మొత్తం 1,40,400. వడ్డీ కూడా చేరిస్తే ఇవ్వని విరాళం దాదాపు ఇచ్చినట్టే! ఏజెంటు తీసుకున్న వాటా మాత్రం తిరిగి రాదు. నోటీసు వచ్చేది పాన్ ఎవరిదైతే వారికే.

2025 జులై 14న ఇలాంటి ఏజెంట్ల కోసం దేశమంతటా 150 చోట్ల తనిఖీలు జరిగాయి. అప్పటికి నాలుగు నెలల్లోనే దాదాపు 40 వేల మంది రిటర్నులు సరిదిద్దుకుని, 1,045 కోట్ల రూపాయల తప్పుడు మినహాయింపులను వెనక్కి తీసుకున్నారని పన్నుల శాఖ ప్రకటించింది.

నగదు బయానా సంగతి చాలామందికి తెలియదు. ఇల్లో స్థలమో అమ్ముతూ 20 వేలు, ఆపైన బయానా నగదుగా తీసుకుంటే, తీసుకున్నంతా జరిమానాగా పడొచ్చు. చేబదులుకూ ఇదే నియమం. ఇచ్చినవారిని వదిలి, పుచ్చుకున్నవారినే పట్టుకుంటారు. ఇద్దరికీ వ్యవసాయ ఆదాయం ఉండి, పన్ను పడే రాబడి ఎవరికీ లేకపోతే మినహాయింపు ఉంది. బెంగళూరు స్థలానికి 75 లక్షలు నగదుగా ఇచ్చామంటూ వేసిన దావాలో 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు గట్టి ఆదేశమే ఇచ్చింది: 2 లక్షలు, అంతకుమించి నగదు ఇచ్చామని ఎవరైనా దావా వేస్తే ఆ కోర్టు పన్నుల శాఖకు తెలపాలి. అంటే బయానా కోసం కోర్టుకెక్కితే మన గుట్టు మనమే విప్పుకున్నట్టు.

అమెరికా కంపెనీలు ఇచ్చిన షేర్లున్న హైదరాబాద్ టెకీలకూ ఓ మాట. విదేశీ ఆస్తుల్ని రిటర్న్‌లో చూపకపోతే నల్లధనం చట్టం కింద 10 లక్షల జరిమానా పడొచ్చు. స్థిరాస్తులు కాక మిగతావాటి విలువ 20 లక్షలు మించకపోతే, 2024 అక్టోబరు 1 నుంచి ఈ జరిమానా లేదు.

రిటర్న్‌లో తప్పు దిద్దుకునే దారి ఉంది. అసెస్‌మెంట్ సంవత్సరం ముగిశాక నాలుగేళ్ల వరకూ అప్‌డేటెడ్ రిటర్న్ వేయొచ్చు. ఆలస్యమయ్యేకొద్దీ పన్ను, వడ్డీల మీద అదనపు భారం 25 శాతం నుంచి 70 శాతానికి పెరుగుతుంది. అందుకే, మీ రిటర్న్ వేరెవరో వేస్తుంటే ఆ కాపీ ఇవాళే అడిగి తెప్పించుకుని, మినహాయింపుల పట్టిక ఒక్కసారి చదవండి.