నాలుగు రోజుల్లో టోక్యో!

‘టికెట్లకే బోలెడు ఖర్చవుతోంది... వెళ్లినందుకు టోక్యో, క్యోటో, ఒసాకా, హిరోషిమా అన్నీ చూసి వచ్చేద్దాం!’ మొదటిసారి జపాన్‌ బయల్దేరేవాళ్లలో చాలామంది లెక్క ఇదే. తీరా వెళ్లాక సగం సెలవు రైళ్లలోనూ మిగతా సగం పెట్టెలు సర్దుకోవడంలోనూ గడిచిపోతుంది. చేతిలో ఉన్నవి నాలుగే రోజులైతే ఒక్క టోక్యో చాలు. అదైనా హాయిగా చూసిరావాలంటే ఇంట్లో ఉండగానే కాస్త కసరత్తు చేయాలి.

ఎప్పుడు వెళ్లాలి?

పిల్లలకు వేసవి సెలవులిచ్చిన మర్నాడే విమానమెక్కాలనిపిస్తుంది. చిక్కంతా అక్కడే. ఏప్రిల్‌ 29 నుంచి మే 5 వరకూ జపాన్‌లో ‘గోల్డెన్‌ వీక్‌’. దగ్గర దగ్గరగా సెలవులు రావడంతో ఊళ్లకు ఊళ్లే ప్రయాణం కడతాయి. సంక్రాంతికి మన బస్టాండ్లు ఎలా ఉంటాయో అక్కడి స్టేషన్లూ అలాగే ఉంటాయి. హోటళ్ల ధరలూ కొండెక్కుతాయి. ఓ పది రోజులు ఆగి మే రెండో వారం తర్వాత వెళితే రద్దీ తగ్గుతుంది, వాతావరణమూ బాగుంటుంది. జూన్‌లో వానలు. జులై, ఆగస్టుల్లో ఉక్కపోత విజయవాడను గుర్తుచేస్తుంది. దసరా సెలవులకైతే తుపాన్ల మీద ఓ కన్నేసి ఉంచాలి. సంక్రాంతి సెలవుల్లో చలి గట్టిగానే ఉంటుంది కానీ ఆకాశం తేటగా ఉండి దూరాన ఫ్యూజీ పర్వతం కనిపించే అవకాశం ఎక్కువ.

కాగితాలు... మాత్రలు

2024 ఏప్రిల్‌ నుంచి భారతీయులకు జపాన్‌ పర్యాటక ఈ-వీసా ఇస్తోంది. పాస్‌పోర్టులో స్టిక్కరేమీ అంటించరు. విమానాశ్రయంలో ఫోన్‌లో ఇంటర్నెట్‌ ద్వారా తెరిచి చూపించాలి. ప్రింటు, స్క్రీన్‌షాట్‌ చెల్లవు. కాబట్టి దిగగానే నెట్‌ పనిచేసేలా ఇక్కడే ఏర్పాటు చేసుకోవాలి.

అమ్మానాన్నల్ని తీసుకెళ్తుంటే మందుల సంచీని ఒకటికి రెండుసార్లు చూడండి. మనదగ్గర మామూలుగా దొరికే జలుబు మాత్రలు కొన్నిట్లో సూడోఎఫెడ్రిన్‌ ఉంటుంది. అది పది శాతం మించితే జపాన్‌లోకి తీసుకెళ్లడం నేరం. బీపీ, షుగర్‌ మాత్రలకు డాక్టరు చీటీ జతచేసి, నెలకు మించకుండా పెట్టుకుంటే మంచిది. మాంసం పచ్చళ్లు, పచ్చి పండ్లు మాత్రం ఇంట్లోనే వదిలేయాలి.

బస ఎక్కడ?

టోక్యోకి రెండు విమానాశ్రయాలు. హనెడా నగరంలోనే ఉంటుంది. నరిటా దాదాపు 60 కిలోమీటర్ల దూరం. టికెట్‌ ధరలో తేడా స్వల్పమైతే హనెడాకే ఓటేయండి. మొదటిసారి వెళ్లే కుటుంబానికి ఉయెనో, అసకుసా ప్రాంతాలు అనువైనవి. నరిటా నుంచి ఉయెనోకి, హనెడా నుంచి అసకుసాకి నేరుగా రైళ్లున్నాయి. గదులు బాగా చిన్నవి. పెద్ద పెట్టెలు తెరిచి పరిచే చోటుండదు కాబట్టి సామాను తగ్గించుకోవాలి.

ఆ పాస్‌ అక్కర్లేదు

‘జపాన్‌ వెళ్తే జేఆర్‌ పాస్‌ కొనాల్సిందే’ అన్న సలహా ఇప్పటికీ వినిపిస్తుంది. 2023 అక్టోబరులో ఏడు రోజుల పాస్‌ ధర 29,650 యెన్‌ల నుంచి ఒక్కసారిగా 50,000కు పెరిగింది. టోక్యోలోనే తిరిగేవాళ్లకు అది దండగ. సుయికా, పాస్మో కార్డుల్లో ఒకటి తీసుకుని డబ్బు వేసుకుంటే రైళ్లు, మెట్రోలు, బస్సుల్లో అదే చాలు. చిన్న దుకాణాల్లోనూ చెల్లుతుంది. కొత్తవాళ్లకు దిక్సూచి యమనోటె లైన్‌. 30 స్టేషన్లతో నగరం చుట్టూ గంటలో ఓ ప్రదక్షిణ చేసే రైలుమార్గమిది. పొరపాటున తప్పు దిశలో ఎక్కినా తిరిగి తిరిగి దిగాల్సిన చోటికే చేరుస్తుంది!

అయితే అర్ధరాత్రి దాటాక రైళ్లు ఆగిపోతాయి. మళ్లీ తెల్లవారుజామునే. ఈలోగా టాక్సీ ఎక్కితే జేబు చిల్లే.

రోజుకో దిక్కు

అటో గుడి, ఇటో టవర్‌ అనుకోకుండా రోజుకో ప్రాంతం పెట్టుకోండి.

మొదటిరోజు: అసకుసాలోని సెన్సోజీ... టోక్యోలోకెల్లా పురాతన ఆలయం. క్రీ.శ. 628లో ఇద్దరు జాలర్ల వలలో దొరికిన కన్నన్‌ విగ్రహంతో దీని కథ మొదలైందంటారు. కన్నన్‌ అంటే మన అవలోకితేశ్వరుడే. అక్కణ్నుంచి ఉయెనో పార్కుకెళ్తే షినొబజు చెరువు మధ్య ఓ గుడి ఉంది. అందులోని బెంజైటెన్‌ మరెవరో కాదు, బౌద్ధంతోపాటు చైనా మీదుగా జపాన్‌ చేరిన సరస్వతీదేవి!

రెండోరోజు: పొద్దున్నే మెయిజీ మందిరం. చుట్టూ ఉన్న దట్టమైన అడవి తనంతట తాను పెరిగింది కాదు, నూరేళ్ల కిందట జనం విరాళంగా ఇచ్చిన సుమారు లక్ష మొక్కలతో పెంచింది. మధ్యాహ్నం షిబుయా కూడలి, యజమాని కోసం ఏళ్లతరబడి ఎదురుచూసిన కుక్క హచికో విగ్రహం. సాయంత్రం షింజుకులోని టోక్యో ప్రభుత్వ భవనం 45వ అంతస్తు నుంచి నగరాన్ని చూడొచ్చు. పైసా టికెట్‌ లేదు.

మూడోరోజు: గంట ప్రయాణంలో కమకురా. ఆరుబయట కూర్చున్న 11 మీటర్ల కంచు బుద్ధుణ్ని చూడొచ్చు.

నాలుగోరోజు: పిల్లలకు వదిలేయండి. డిస్నీల్యాండా, జిబ్లీ మ్యూజియమా... ఏదో ఒకటే. జిబ్లీకి టికెట్లు ముందే కొనాలి, గుమ్మం దగ్గర అమ్మరు. పెద్దలు హిగషి కోయెంజి స్టేషన్‌లో దిగి రెంకోజీ ఆలయానికి వెళ్లొచ్చు. నేతాజీవిగా చెప్పే అస్థికలు భద్రపరిచిన చోటది.

భోజనం మాటేంటి?

శాకాహారులకు అసలు పరీక్ష ఇక్కడే. కూరగాయల సూప్‌ అనే అనుకుంటాం, అడుగున ‘దషి’ ఉంటుంది. సాధారణంగా ఎండుచేపతో కాచిన రసమది. మిసో సూప్‌లోనూ నూడుల్స్‌ పులుసులోనూ చాలాచోట్ల అదే. ‘మాంసం, చేప, చేపరసం వద్దు’ అని జపనీస్‌లో రాయించుకున్న చీటీ దగ్గరుంచుకుంటే సగం బాధ తప్పుతుంది. రోడ్డుకో చోట కనిపించే చిన్న దుకాణాల్లో ‘ఉమెబోషి’ పెట్టిన అన్నం ముద్దలు దొరుకుతాయి. ఉప్పులో ఊరిన పుల్లటి పండు అది. కారం ఉండదు కానీ ఊరగాయ అన్నం తిన్నట్టే ఉంటుంది. అయినా పప్పన్నం మీదికి మనసుపోతే నిషికసాయి వెళ్లండి. మన సాఫ్ట్‌వేర్‌ ఇంజినీర్లు ఎక్కువగా కాపురముండే ఆ పేటలో భారతీయ హోటళ్లు, సరకుల దుకాణాలు ఉన్నాయి.

అన్నట్టు ఎలక్ట్రిక్‌ కుక్కర్‌ మోసుకెళ్లకండి. అక్కడి కరెంటు 100 వోల్టులే. ప్లగ్గుకీ రెండు చదును పిన్నులుండాలి.

మర్యాదలు కొన్ని

రైల్లో ఫోన్‌ మాట్లాడరు. వీధుల్లో చెత్తబుట్టలు అరుదు, కాబట్టి ఓ సంచీ వెంటుంచుకోవాలి. టిప్పు ఇస్తే వెనక్కి ఇచ్చేస్తారు. పాస్‌పోర్టు ఎప్పుడూ దగ్గరుండాలన్నది చట్టం. పోలీసు సాయానికి 110, అంబులెన్స్‌కు 119.

చివరగా ఒక్కమాట. టోక్యోలో నడక ఎక్కువ. స్టేషన్‌లో రైలు మారడానికే పది నిమిషాలు పడుతుంది. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లుంటే రోజుకు రెండు ప్రదేశాలతో సరిపెట్టండి. మధ్యాహ్నం ఓ గంట ఏ పార్కు బెంచీమీదో కూర్చోనివ్వండి. క్యోటో కోసం మరోసారి వెళ్లొచ్చు!