రెండుగా చీలిన ఊరు, ఒక్కటే బడి: ఉత్తరాంధ్ర గ్రామ రాజకీయాలు – ప్రభుత్వ ఉపాధ్యాయుడు

వ్యాససంగ్రహం:

గ్రామం రాజకీయంగా రెండు వర్గాలైనప్పుడు ప్రభుత్వ పాఠశాల ఉపాధ్యాయుని స్థితి ఏమవుతుందో శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల అనుభవం ఆధారంగా వివరించడం ఈ వ్యాస ఉద్దేశం. 1959 నాటి పంచాయతీ సమితుల వ్యవస్థ, 1967–70 మధ్య గిరిజనోద్యమం, నేటి పాఠశాల యాజమాన్య కమిటీలు, ఎన్నికల విధులు పరిశీలనకు తీసుకోబడ్డాయి. ఉపాధ్యాయుని తటస్థతను వ్యక్తిగత సద్గుణంగా కాక వ్యవస్థ సమకూర్చవలసిన రక్షణగా చూడాలని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: ఉత్తరాంధ్ర, గ్రామ వర్గాలు, ఉపాధ్యాయులు, బదిలీలు, పంచాయతీ సమితి, పాఠశాల యాజమాన్య కమిటీ.

1. ఉపోద్ఘాతం:

ఉత్తరాంధ్ర పల్లెల్లో ఉపాధ్యాయుణ్ణి పేరు పెట్టి పిలిచేవారు అరుదు. ‘మేస్టారు’ అంటే చాలు. ఆ పిలుపు ఉద్యోగ విరమణతో పోదు. మురపాకలో పుట్టి, విశాఖపట్నంలో ఉపాధ్యాయుడిగా పనిచేసి, ‘యజ్ఞం’ కథ రాసి, 1997లో శ్రీకాకుళంలో కథానిలయాన్ని నెలకొల్పిన కాళీపట్నం రామారావు చివరివరకూ ‘కారా మాస్టారు’గానే ఉన్నారు. ఈ గౌరవానికి ఒక షరతు ఉంది. మేస్టారు అందరివాడై ఉండాలి. ఊరు ఒక్కటిగా ఉన్నంతకాలం ఆ షరతు భారం కాదు. ఊరు రెండైన నాడు అదే మోయలేని బరువవుతుంది.

2. తగువు బడిదాకా ఎందుకు వస్తుంది?

గ్రామంలో ప్రభుత్వం ప్రతిరోజూ కనిపించే చోట్లలో బడి మొదటిది. గ్రామసభ, పోలింగు, ఓట్ల లెక్కింపు చాలా ఊళ్లలో ఆ ఆవరణలోనే జరుగుతాయి. గదులు కట్టే పనులు, మధ్యాహ్న భోజనం వండే అవకాశం, కమిటీ అధ్యక్ష పదవి వంటివి పెద్ద పట్టణంలో ఎవరూ లెక్కచేయని విషయాలే. రెండు మూడు వందల గడపల ఊరిలో మాత్రం పలుకుబడికి అవే కొలమానాలు. పంచాయతీ ఎన్నికలు చట్టరీత్యా పార్టీ గుర్తులు లేకుండా జరుగుతాయి. అయినా ఏ ఇల్లు ఎటువైపో ఊరందరికీ తెలుసు. ఒకే వీధిలో, ఒక్కోసారి ఒకే వంశంలో గీత పడుతుంది. పెళ్లి పిలుపులు, చావు పలకరింపులు కూడా ఆ గీతను బట్టే సాగుతాయి. రెండువైపుల పిల్లలూ పక్కపక్కన కూర్చునే చోటు ఒక్క బడే. కనుక ఊరిలో ఎవరిది పైచేయి అన్న పరీక్ష అక్కడ తప్పక జరుగుతుంది.

3. బదిలీ అనే ఆయుధం:

బల్వంతరాయ్ మెహతా కమిటీ సిఫారసుల నేపథ్యంలో ఆంధ్రప్రదేశ్‌లో 1959 నవంబరు 1న పంచాయతీ సమితులు, జిల్లా పరిషత్తులు ఏర్పడ్డాయి. ప్రాథమిక పాఠశాలలు సమితుల కిందికి, ఉన్నత పాఠశాలలు జిల్లా పరిషత్తుల కిందికి వచ్చాయి. అధికారం ప్రజలకు దగ్గర కావాలన్న ఆశయం మంచిదే. కాని ఉపాధ్యాయుని విషయంలో అది స్థానిక నాయకత్వానికి దగ్గరైంది. సమితి అధ్యక్షునికి అనుకూలుడైతే ఉన్న ఊరిలో నౌకరీ, కాకపోతే ఏటి అవతలకో కొండ మీదికో బదిలీ అన్న ఫిర్యాదు ఆ తరం ఉపాధ్యాయ సంఘాల ఉద్యమాలలో ప్రధానమైంది.

బదిలీ శిక్షగా నిబంధనల పుస్తకంలో లేదు. అందుకే అది శిక్షగా బాగా పనికొచ్చింది. కారణం చెప్పనక్కరలేదు, విచారణ అక్కరలేదు. 1986–87లో సమితుల స్థానంలో మండలాలు వచ్చాయి. తరువాత కౌన్సెలింగ్ ద్వారా, సేవాకాలానికీ పాఠశాల ఉన్న ప్రాంతానికీ ఇచ్చే పాయింట్ల ప్రాతిపదికపై బదిలీలు జరిపే పద్ధతి స్థిరపడింది. 2025లో ఉపాధ్యాయ బదిలీల నియంత్రణకు ఆంధ్రప్రదేశ్ ప్రత్యేక చట్టం చేసింది. ఉపాధ్యాయుని మనస్తత్వం మారడం వల్ల ఈ భయం తగ్గలేదు. నిర్ణయం ఒక వ్యక్తి చేతినుండి లెక్కకు మారడం వల్ల తగ్గింది. సిఫారసు లేఖకు చోటిచ్చిన ప్రతిసారీ పాత భయం తిరిగి వస్తుంది.

4. కొండబారిడి నేర్పే పాఠం:

ఉపాధ్యాయుడు ఏ పక్షం లేకుండా ఉంటే చాలునన్న వాదనకు ఈ ప్రాంత చరిత్రే ఒక చిక్కుప్రశ్న వేస్తుంది. నాటి శ్రీకాకుళం జిల్లాలో, నేటి పార్వతీపురం మన్యంలో ఉన్న కొండబారిడిలో వెంపటాపు సత్యనారాయణ ఉపాధ్యాయుడు. ఆయన సహచరుడు ఆదిభట్ల కైలాసం కూడా ఉపాధ్యాయుడే. అన్యాక్రాంతమైన భూములు, షావుకార్ల అప్పులు, అడవిపై హక్కు వంటి సమస్యలపై వారు గిరిజన సంఘంతో కలిసి పనిచేశారు. 1967 అక్టోబరు 31న మొండెంఖల్లులో జరిగే సభకు వెళుతున్న గిరిజనులపై లేవిడి వద్ద భూస్వాముల పక్షం జరిపిన కాల్పులలో కోరన్న, మంగన్న మరణించారు. ఉద్యమం సాయుధమైంది. 1970 జూలై 10న సత్యం, కైలాసం ఇద్దరూ హతులయ్యారు.

సాయుధ మార్గంపై తీర్పు ఈ వ్యాస పరిధిలోనిది కాదు. పరిశీలించవలసింది దానికి ముందున్న దశ. చదువురాని రైతు తన ప్రోనోటు తెచ్చి మేస్టారి చేత చదివించుకున్నాడనుకుందాం. ఉన్నది ఉన్నట్లు చదివితే షావుకారుకు కోపం. చదవనంటే రైతుకు నష్టం. అక్కడ మౌనం తటస్థత కాదు, బలవంతుని పక్షమే. గిరిజనుల భూమి ప్రశ్న న్యాయమైనదని తరువాత శాసనమే ఒప్పుకుంది. 1959 నాటి భూబదలాయింపు నిబంధనను 1970లో సవరించి, ఏజెన్సీలో గిరిజనేతరుల చేతిలో ఉన్న భూమి గిరిజనులదేనని ముందుగా భావించాలన్న సూత్రాన్ని తెచ్చారు. కాబట్టి పార్టీ పక్షపాతం వేరు, నిజం చెప్పడం వేరు. ఊరు చీలినప్పుడు ఈ రెంటి మధ్య గీత చెరిగిపోవడమే ఉపాధ్యాయునికి కలిగే మొదటి నష్టం.

5. నేటి ఒత్తిళ్లు:

మొదటిది యాజమాన్య కమిటీ. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం కమిటీ సభ్యులలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు, సగం మంది మహిళలు ఉండాలి. ఉద్దేశం తల్లులకు మాట దక్కడం. చీలిన ఊరిలో ఇది చిన్న పంచాయతీ ఎన్నికగా మారుతుంది. దానిని నిర్వహించవలసినవాడు ప్రధానోపాధ్యాయుడు. గెలిచినవారితో అతడు ఖాతాలు, పనులు నడపాలి. ఓడినవారి పిల్లలకు అతడే పాఠం చెప్పాలి.

రెండవది వంటశాల. ప్రభుత్వం మారినప్పుడు వంట ఏజెన్సీని మార్చాలన్న ఒత్తిడి వస్తుంది. పొయ్యి దగ్గర నిలబడే స్త్రీకి అది జీవనోపాధి, వర్గ నాయకునికి అది గెలుపు గుర్తు. పథకాల పేర్లూ ఇదే కథ చెబుతాయి. 2020లో ‘జగనన్న గోరుముద్ద’ అయిన మధ్యాహ్న భోజనం 2024లో ‘డొక్కా సీతమ్మ మధ్యాహ్న బడి భోజనం’ అయింది. పిల్లవాడి కంచంలో అన్నం అదే. గోడమీది రాతను చెరిపి కొత్తది రాయించవలసింది మాత్రం బడే. పాత రాత ఒకరోజు ఎక్కువ నిలిచినా దానికి అర్థాలు తీసేవారు ఉంటారు.

మూడవది ఎన్నికల పని. విద్యాహక్కు చట్టం జనగణన, విపత్తు సహాయం, ఎన్నికలు మినహా ఇతర విద్యేతర పనులను నిషేధించింది. పోలింగు విధి ఒక్కరోజు ముచ్చట. బూత్ స్థాయి అధికారిగా ఓటరు జాబితా సవరించే పని అలా కాదు. 2019 ఎన్నికలకు ముందు రాష్ట్రంలో పేర్ల తొలగింపు కోరే ఫారం-7 దరఖాస్తులు వెల్లువెత్తి పెద్ద వివాదమయ్యాయి. అటువంటి దరఖాస్తు పట్టుకుని ఒక గడప ముందు నిలబడి ‘ఈ మనిషి ఊరిలో ఉన్నాడా?’ అని అడిగే ఉపాధ్యాయుడు, మరునాడు ఆ ఇంటి బిడ్డకే హాజరు పిలవాలి. బతుకుదెరువుకు విజయవాడ, హైదరాబాదు, చెన్నై వలసపోయేవారు అధికంగా ఉన్న ఈ జిల్లాలలో ఆ ప్రశ్న మరింత సున్నితం.

6. రాజ్యాంగం, చట్టం:

ప్రవర్తనా నియమావళి ప్రకారం ప్రభుత్వ ఉద్యోగి రాజకీయ పార్టీలలో పాల్గొనరాదు. మరోవైపు రాజ్యాంగంలోని 171వ అధికరణం శాసనమండలిలో పన్నెండవ వంతు స్థానాలకు ఉపాధ్యాయుల ఓటును ఆధారం చేసింది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ఉపాధ్యాయ నియోజకవర్గానికి 2025 ఫిబ్రవరి 27న పోలింగు జరిగింది. ఆ ఓటు ఉన్నత పాఠశాల స్థాయికి తగ్గని సంస్థల బోధకులకే ఉంది. ఊరి తగువుల మధ్య ఒంటరిగా పనిచేసే ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయునికి అది లేదు.

గత రాజకీయ సంబంధాల పేరుతో ఉద్యోగం తీయవచ్చా అన్న ప్రశ్నకు 1983లో సుప్రీంకోర్టు సమాధానమిచ్చింది. మధ్యప్రదేశ్‌లో పోలీసు నివేదిక ఆధారంగా తొలగింపబడిన రామశంకర్ రఘువంశీ అనే ఉపాధ్యాయుని కేసులో జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి తీర్పు వెలువరించారు. ఆ ఉపాధ్యాయుని రాజకీయ భావాలు ఏవైనా, ఉద్యోగంలో చేరకముందు సాగిన చట్టబద్ధ కార్యకలాపాలు అతణ్ణి తొలగించడానికి కారణం కారాదన్నది దాని సారం. ఈ రక్షణ కోర్టుదాకా వెళ్లగలిగినవారికి అందుతుంది. ఊరిలో పలకరింపు ఆగిపోయిన ఉపాధ్యాయునికి ఏ కోర్టూ ఉపశమనం ఇవ్వలేదు.

7. నష్టం ఎవరికి?

ఉపాధ్యాయుడు తనను కాపాడుకునే మార్గం ఒక్కటే: ముడుచుకుపోవడం. టీ దుకాణం దగ్గర ఆగడు. ఇళ్లకు వెళ్లడు. బడి గంట కొట్టగానే బస్సెక్కుతాడు. బయటివారికి ఇది ఊరిపట్ల నిర్లిప్తతగా కనిపిస్తుంది. కాని తల్లిదండ్రులు వలసపోతే పిల్లవాణ్ణి అవ్వ దగ్గర ఉంచి చదివించమని చెప్పడానికి, పదో తరగతిలో ఆగిపోబోయే ఆడపిల్లను నిలబెట్టడానికి గడప తొక్కక తప్పదు. ఏ గడప తొక్కినా పక్షం అంటగట్టే ఊరిలో అతడు ఏ గడపా తొక్కడు. బడి ఎదుటివారిదైందని తలచిన వర్గం పిల్లలను ప్రైవేటు బడి బస్సెక్కిస్తుంది. సంఖ్య తగ్గితే హేతుబద్ధీకరణలో పోస్టు పోతుంది. చివరకు నష్టపోయేది బస్సు ఛార్జీ కట్టలేని ఇంటి బిడ్డ. ఆ ఇల్లు ఏ వర్గానిదైనా కావచ్చు.

8. ముగింపు:

- ఉపాధ్యాయుని తటస్థత అతని ధైర్యం మీద కంటే బదిలీ, పోస్టు, విధులు ఎవరి చేతిలో ఉన్నాయన్న దానిమీద ఎక్కువగా ఆధారపడి ఉందని 1959 తరువాతి అనుభవం చెబుతోంది.
- కమిటీ ఎన్నికను ఆ బడి ప్రధానోపాధ్యాయుడు కాక మరో మండల అధికారి నిర్వహించడం, పనిచేసే ఊరిలోనే ఓటరు జాబితా బాధ్యత అప్పగించకపోవడం వెంటనే సాధ్యమయ్యే మార్పులు.
- తటస్థత మౌనం కారాదు. కాగితంలో ఉన్నది ఉన్నట్లు చదివి చెప్పగల మేస్టారు ఊరికి అవసరం. అలా చదివినందుకు అతడు మూల్యం చెల్లించనక్కరలేని ఏర్పాటు ప్రభుత్వ బాధ్యత.
- ఊరు మళ్లీ ఒక్కటి కావడానికి ఎన్నేళ్లు పట్టినా, ఈలోగా రెండువైపుల పిల్లలూ కలిసి కూర్చునే ఆ ఒక్క గదిని కాపాడుకోవడం రెండు వర్గాలకూ ఉమ్మడి కర్తవ్యం.