వాషింగ్ మెషిన్ ఎందుకు ఎగురుతుంది?

వేములవాడలో ఒక ఇల్లు. ఆ ఇంటి అక్క బీడీలు చుడుతుంది. ఆమె భర్త దుబాయిలో పని చేస్తున్నాడు. ఆయన పంపిన పైసలతో ఐదేళ్ల కింద వాషింగ్ మెషిన్ కొన్నారు. ముందువైపు గుండ్రటి తలుపు ఉండే మెషిన్ అది. అది వచ్చిన తర్వాత అక్కకు చేతుల నొప్పి తగ్గింది. బట్టలు ఉతికే సమయం మిగిలింది.

ఒకరోజు మెషిన్ బట్టలు పిండుతున్నది. ఉన్నట్టుండి దడదడమని మోగింది. గోడ దగ్గరి నుంచి జానెడు ముందుకు జరిగింది.

"అత్తమ్మా, ఇటు రా! మిషిని నడుస్తున్నది!" అని అక్క అరిచింది.

"దయ్యం గిట్ల పట్టిందా ఏందే?" అన్నది అత్త.

అక్క స్విచ్ బంద్ చేసింది. మెకానిక్‌ను పిలిచింది. అతను మెషిన్ విప్పలేదు. పైపైన చూశాడు. "మోటరు పోయింది. పాత సామానోనికి అమ్ముకోండ్రి. కొత్తది కొనుక్కోండ్రి" అన్నాడు.

కొత్తది కొనాలంటే వేల రూపాయలు కావాలి. అక్కకు అనుమానం వచ్చింది. మోటరు పోతే మెషిన్ తిరగొద్దు కదా! తిరుగుతున్నది, కాని ఎగురుతున్నది. మరి కారణం ఏమిటి?

మెషిన్ లోపల ఏముంది?

లోపల పెద్ద తొట్టి ఉంటుంది. బట్టలు తిరిగే డ్రమ్ము ఆ తొట్టిలోనే ఉంటుంది. తొట్టి పైనుంచి స్ప్రింగులకు వేలాడుతుంది. కింద షాక్ అబ్జార్బర్లు దాన్ని పట్టుకొని ఉంటాయి. ఇవి మెషిన్‌ను బట్టి రెండు, మూడు లేదా నాలుగు ఉంటాయి. మోటరు సైకిల్ వెనుక చక్రం దగ్గర ఉంటాయే, అటువంటి పని చేసేవే ఇవి.

పిల్లను పండబెట్టిన తొట్టెలను గుర్తు చేసుకోండి. ఒక్కసారి ఊపితే చాలాసేపు ఊగుతుంది. చెయ్యి పెట్టి పట్టుకుంటే ఆగుతుంది. స్ప్రింగు ఊగే తాడు లాంటిది. షాక్ అబ్జార్బర్ ఆపే చెయ్యి లాంటిది.

బట్టలు పిండేటప్పుడు డ్రమ్ము నిమిషానికి 1000 చుట్లు తిరుగుతుంది. కొన్ని మెషిన్లలో ఇంకా ఎక్కువ. తడి బట్టల బరువు ఒక పక్కకు చేరితే తొట్టి గట్టిగా ఊగుతుంది. ఆ ఊపును షాక్ అబ్జార్బర్లు అణచాలి. అవి అరిగిపోతే ఊపు మెషిన్ డబ్బాకు తగులుతుంది. అప్పుడే అది ఎగురుతుంది, జరుగుతుంది.

ముందుగా ఇవి చూడండి

షాక్ అబ్జార్బర్లే పోయాయని వెంటనే అనుకోవద్దు. ముందు ఈ నాలుగు చూడండి.

1. మెషిన్ నాలుగు కాళ్లు నేలకు ఆనాయా? ఒక మూల నొక్కితే ఊగుతుందా? ఊగితే కాలును తిప్పి ఎత్తు సరిచేయాలి.

2. బట్టలు ఎక్కువ వేశారా? లేదా ఒక్క బరువైన చద్దరే వేశారా? అది ఉండలాగా చుట్టుకొని ఒక పక్కకు చేరుతుంది. దానితో ఇంకొన్ని బట్టలు కలిపి వేయాలి.

3. మెషిన్ కొత్తదా? దుకాణం నుంచి వచ్చేటప్పుడు తొట్టి కదలకుండా వెనుక పొడుగాటి బోల్టులు బిగిస్తారు. వాటిని తీయకుండా నడిపితే మెషిన్ ఎగురుతుంది.

4. ఈ మూడూ బాగుంటే చేతితో పరీక్ష చేయండి. ముందు ప్లగ్గు తీయండి. తలుపు తెరవండి. డ్రమ్మును కిందికి నొక్కి వదలండి. పైకి వచ్చి ఆగిపోతే మంచిదే. రెండు మూడుసార్లు పైకి కిందికి ఊగితే షాక్ అబ్జార్బర్లు అరిగినట్టే.

అక్క నొక్కి చూసింది. డ్రమ్ము తొట్టెల ఊగినట్టు ఊగింది.

మార్చడం ఎట్లా?

మెషిన్ వెనుక ఒక చీటీ అతికించి ఉంది. దాని మీద మెషిన్ నంబరు ఉంది. అక్షరాలు ఇంగ్లీషువి. అక్కకు ఇంగ్లీషు రాదు. అయినా ఒక్కొక్క అక్షరం చూసి చూసినట్టు కాగితం మీద రాసుకుంది. ఇంకో మెకానిక్‌కు ఫోన్ చేసి ఆ నంబరు చెప్పించింది. "షాక్ అబ్జార్బర్లు చూడాలె అన్నా" అని అడిగింది. అతను సరైన సామాను తీసుకొని వచ్చాడు.

అతను ప్లగ్గు తీశాడు. నల్లా కట్టేశాడు. కింద చిన్న మూత తెరిచి లోపలి నీళ్లు తీసేశాడు. బొంత పరిచి, ఇంకొకరి సాయంతో మెషిన్‌ను మెల్లగా పక్కకు ఒరిగించాడు. ఇటువంటి మెషిన్లు 60, 70 కిలోల బరువు ఉంటాయి. ఒక్కరే ఎత్తవద్దు.

షాక్ అబ్జార్బర్ ఒక కొస తొట్టికి, ఇంకో కొస డబ్బా అడుగుకు ఉంటుంది. అతను బోల్టులు విప్పి పాతవి తీశాడు. అక్క చేతికి పాతది ఒకటి, కొత్తది ఒకటి ఇచ్చాడు. పాతది లాగితే సులువుగా జారింది. కొత్తది గట్టిగా ఉంది. లోపల గ్రీజు పట్టించిన మెత్తటి పట్టీ ఉంటుంది. అది కడ్డీని ఒరుసుకుంటూ పట్టి ఉంచుతుంది. ఆ పట్టీ అరిగితే పట్టు పోతుంది.

"కొంచెం నూనె పోస్తే సరిపోదా?" అని అత్త అడిగింది.

"వద్దమ్మా. నూనె పోస్తే ఇంకా జారుతది. ఇది జారొద్దు, పట్టాలె" అన్నాడు మెకానిక్.

అతను ఉన్నవన్నీ ఒకేసారి మార్చాడు. ఒకటి కొత్తది, ఒకటి పాతది ఉంటే ఊపు సమానంగా అణగదు. తర్వాత ఖాళీ మెషిన్‌ను తిప్పి చూశాడు. ఆ తర్వాత బట్టలు వేసి చూశాడు. మెషిన్ కదలలేదు.

గుర్తు పెట్టుకోండి

పైనుంచి బట్టలు వేసే ఆటోమేటిక్ మెషిన్‌లో తొట్టి నాలుగు మూలల కడ్డీలకు వేలాడుతుంది. ఆ కడ్డీలకు స్ప్రింగులు ఉంటాయి. అవి పోయినా మెషిన్ ఎగురుతుంది.

ఎగిరే మెషిన్‌ను అట్లాగే నడపవద్దు. పైపు ఊడవచ్చు. కరెంటు తీగ ఒరుసుకొని పైతోలు పోవచ్చు. అప్పుడు డబ్బాకు కరెంటు వచ్చే ప్రమాదం ఉంది. ఎర్తింగ్ ఉన్న మూడు పిన్నుల ప్లగ్గే వాడండి. తడి చేతులతో ప్లగ్గు ముట్టవద్దు. కరెంటు పని తెలియకుండా మెషిన్ విప్పవద్దు.

రిపేరుకు ముందే ఖర్చు అడగండి. పాత సామాను చూపించమనండి. బిల్లు తీసుకోండి. గ్యారంటీ కార్డు మీద తేదీ చదవండి. మోసం జరిగితే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. 2019లో వచ్చిన వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం ఫిర్యాదు చేసే హక్కు మనకు ఉంది.

అక్క ఆ బిల్లును గ్యారంటీ కార్డుతో కలిపి పెట్టెలో దాచింది. బిల్లు మీద తన పేరు తానే చదువుకుంది.

చదివారు కదా! ఇప్పుడు చెప్పండి.

1. మోటరు పోలేదని అక్కకు ఎందుకు అనిపించింది?
2. షాక్ అబ్జార్బర్‌కు నూనె ఎందుకు పోయకూడదు?
3. మీ ఇంట్లో ఉన్న ఏదైనా మెషిన్ నంబరు చూసి కాగితం మీద రాయండి.